గురికి ముందు కుదురు

ఈ వారం తుపాకిని గురించి వ్రాస్తున్నాను. తెలుగు పంతులికి తుపాకితో పనేమిటని పాఠకులు అడుగవచ్చు. ఉన్నది. మా కళాశాలలో ఎన్.సి.సి. పిల్లల బాధ్యత కూడా నా నెత్తిమీదనే పడ్డది. వాళ్ళను ఏటేటా ఫైరింగు రేంజికి తీసుకుపోయి, ఇసుక బస్తాల వెనుక పడుకోబెట్టి, అయిదేసి తూటాలు కాల్పించటం నా ఉద్యోగంలో భాగం. అయినా యీ కథ తుపాకితో మొదలు కాదు. కుండతో మొదలవుతుంది.

మట్టికుండ అడుగు గుండ్రంగా ఉంటుంది. ఉత్త నేలమీద పెడితే దొర్లిపోతుంది. అందుకని మన ఇళ్ళలో గడ్డితోనో పాతగుడ్డతోనో చుట్ట చుట్టి దాని క్రింద పెట్టేవారు. ఆ చుట్టపేరే కుదురు. అల్లరిపిల్లవాణ్ణి "కుదురుగా కూర్చోరా" అని కసురుకున్నా, మిరపనారు నాటే కూలీలు కుదురుకు రెండు మొక్కలు పెట్టినా, పిల్లకు సంబంధం కుదిరినా, జ్వరం తగ్గి మనిషి కుదుటపడినా, అన్నింటిలోనూ ఉన్నది ఆ కుండ క్రింది చుట్టే.

ఇక గురి అనే మాట చూడండి. బాణానికో తూటాకో పెట్టుకున్న లక్ష్యం గురి. "ఆ డాక్టరుమీద నాకు గురి" అన్నప్పుడు నమ్మకం గురి. ఈ రెండు మాటలనూ కలిపి మనవాళ్ళు "గురి కుదిరింది" అన్నారు. గురి ఎవరికైనా ఉండవచ్చు. అది కుదరటం వేరు. దూరపు వేటను గురించి దొరలు పెద్ద పెద్ద పుస్తకాలు వ్రాశారు. వాటన్నింటి సారాంశమూ మన రెండు మాటలలో ఉన్నది: ముందు ఒళ్ళు కుదరాలి, తరువాత గురి కుదురుతుంది.

ఇది క్రొత్త విషయమేమీ కాదు. చిన్ననాడు అమరకోశం వల్లెవేసినవారికి క్షత్రియవర్గంలోని స్థానపంచకం గుర్తుండే ఉంటుంది. విలుకాడు నిలబడే తీరులు అయిదు. ఒక కాలు ముందుకు చాచి రెండవది వెనుకకు తీస్తే ఆలీఢం. దానిని తిరగవేస్తే ప్రత్యాలీఢం. పాదాలు ఎడంగా పెట్టి నిలబడితే వైశాఖం. మోకాళ్ళు ప్రక్కలకు వంచి కాళ్ళు గుండ్రంగా పెడితే మండలం. రెండు పాదాలూ సమంగా ఆనిస్తే సమపదం. నాట్యశాస్త్రంలోనూ యీ పేర్లు ఉన్నవి. నాట్యమాడేవాడికీ బాణం వేసేవాడికీ కావలసింది ఒకటే గదా, నేలమీద పట్టు!

త్రిపురాంతకం అనే ఊరు ఉన్నది. శ్రీశైలానికి తూర్పు వాకిలి. అక్కడి స్వామి మూడు పురాలను ఒక్క బాణంతో కూల్చిన వేలుపు. శిల్పులు ఆ మూర్తిని తరచు ఆలీఢంలోనే నిలబెడతారు. ఆ కథలో మనం అంతగా పట్టించుకోని ముక్క ఒకటి ఉన్నది. ఆకాశంలో తిరిగే ఆ మూడు పురాలూ ఒక్క వరుసలోకి వచ్చిందాకా శివుడు ఆగాడు. రథం భూమి, విల్లు మేరువు, బాణం విష్ణువు. ఇంత సరంజామా ఉండికూడా ఆగాడు! నిలబడటానికి భూమినే పీటగా వేసుకున్నవాడు కూడా వేళ కుదిరిందాకా బాణం వదలలేదన్నమాట.

విల్లు పట్టినవాడు పడుకొని బాణం వేయటం కష్టం. తుపాకి వచ్చిన తరువాత మనిషికి పడుకొనే సౌకర్యం కలిగింది. దూరంనుంచి పెద్ద జంతువులను వేటాడేవారు నాలుగు తీరులు నేర్చుకొనేవారు: పడుకోవటం, కూర్చోవటం, మోకాలు వేయటం, నిలబడటం. నేలకు ఎంత దగ్గరైతే అంత నిలకడ. సూత్రం ఇంతే.

బోర్లా పడుకొని, కాళ్ళు కొంచెం ఎడంగా చాపి, రెండు మోచేతులూ నేలకు ఆనిస్తే ఒళ్ళంతా కుదురే. కూర్చున్నప్పుడు రెండు మోచేతులూ రెండు మోకాళ్ళమీద ఆనుతవి. ఇక్కడ ఒక కిటుకు ఉన్నది. మోచేతి మొనను మోకాలిచిప్పమీద పెట్టకూడదు. గులకరాయిమీద గులకరాయి నిలుస్తుందా? మోచేతికి కొంచెం పైన ఉండే మెత్తని కండను మోకాలికి ఆనించాలి. ఒక మోకాలు నేలకు వేసి కూర్చున్నప్పుడు రెండవ మోకాలిమీద ఒక్క మోచేయి మాత్రమే ఆనుతుంది. అందుచేత నిలకడ తగ్గుతుంది. ఇక నిలబడటం. మనిషి నిలబడితే గాలికి ఊగే వెదురే. ఊపిరికి కదులుతాడు, గుండె కొట్టుకొంటే కదులుతాడు, కదలకూడదని బిగబట్టుకుంటే మరింత కదులుతాడు.

ఎందుకంటే కండ అలసిపోతుంది, ఎముక అలసిపోదు. తుపాకి బరువును ఎముకలు మోయాలి. అది సరిగా ఉన్నదో లేదో తెలుసుకోవటానికి ఒక పరీక్ష ఉన్నది. గురి చూచుకొని, కళ్ళు మూసుకొని, ఒకసారి ఊపిరి పీల్చి వదలి, మళ్ళీ కళ్ళు తెరవాలి. తుపాకి మొన గురిమీదనే ఉంటే కుదిరినట్లు. ప్రక్కకు జరిగి ఉంటే చేతులతో నెట్టి సరిచేయకూడదు. నడుమూ కాళ్ళూ జరుపుకొని ఒళ్ళంతా మళ్ళీ సర్దుకోవాలి. చేతులతో నెట్టిన గురి మీట నొక్కే క్షణానికి తన పాత చోటికే పోతుంది. ఊపిరి పూర్తిగా వదలి, మళ్ళీ పీల్చుకోవటానికి ముందు మనిషి సహజంగా ఒక్క క్షణం ఆగుతాడు. మీట నొక్కవలసింది ఆ సందులోనే. అదీ గుంజటం కాదు, మెల్లగా ఒత్తటం.

ఊతం దొరికితే నిలబడికూడా కాల్చవచ్చు. ఆఫ్రికా అడవులలో వేటగాళ్ళు మూడు కర్రలు కట్టి నిలబెట్టి, వాటిమీద తుపాకి ఆనించేవారు. మన ఇళ్ళలోని ముక్కాలిపీట రహస్యమే అది. నాలుగుకాళ్ళ పీట ఎగుడుదిగుడు నేలమీద టకటకలాడుతుంది. మూడుకాళ్ళ పీట ఎక్కడ వేసినా కదలదు. ఊతం చెట్టుకొమ్మ అయినా, రాయి అయినా ఒక జాగ్రత్త ఉన్నది. తుపాకి గొట్టాన్ని గట్టివస్తువుమీద నేరుగా పెట్టకూడదు. కాల్చగానే ఎగిరి దారి తప్పుతుంది. మధ్యలో చెయ్యిగాని మడతపెట్టిన కండువాగాని ఉండాలి. కుండ క్రింద గుడ్డచుట్ట ఎందుకో తెలిసినవారికి ఇదీ తెలిసినట్లే.

ఇక మన నేల సంగతి. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానాలు దూరపు వేటకు అనుకూలమైనవని చూడగానే అనిపిస్తుంది. కనుచూపుమేర అడ్డు లేదు. కాని తుపాకి పట్టి దిగితే తెలుస్తుంది. పత్తి పగిలే రోజులలో చేను రొమ్ములెత్తున ఉంటుంది. మిరపచేను నడుములదాకా వస్తుంది. అక్కడ బోర్లా పడుకున్నవాడికి కనిపించేది మొక్కల మొదళ్ళు, పైన ఆకాశం. నిలబడితే అన్నీ కనిపిస్తవి. నిలకడ మాత్రం ఉండదు. కట్టె పీకేసిన తరువాత ఎండాకాలంలో పడుకోవచ్చు గదా అంటే, నేల నెర్రెలు విచ్చి పెనంలా కాలుతుంటుంది. పైగా ఎండమావులు! ఆ వేడిగాలి తెరలో దూరపు వస్తువు ఉన్నచోట ఉన్నట్లు కనిపించదు.

వీటన్నింటికన్న పెద్ద చిక్కు మరొకటి. కొండల్లో తప్పిన తూటాను కొండ ఆపుతుంది. మైదానంలో దాన్ని ఆపే దిక్కు లేదు. మా పిల్లలు కాల్చే చిన్న .22 తూటా కూడా కిలోమీటరు దాటి పోగలదు. పెద్ద రైఫిలు తూటా అంతకన్న చాలా దూరం పోతుంది. మరి మన చేలల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు: పత్తి తీసే ఆడకూలీలు, కల్లంలో మిరపకాయలు ఎండబోసేవాళ్ళు, గేదెలు కాసే పిల్లలు. ఈ నేలమీద గురి వెనుక ఎప్పుడూ ఒక ఊరు ఉంటుంది.

అందుకేనేమో, మన రైతు పొలంలో కూర్చోవటానికి కనిపెట్టిన స్థానం ఆరవది. మంచె! నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరచి, జొన్నచేను కాపలాకు ఎక్కి కూర్చొనేవాడు. చేతిలో వడిసెల. పులివేటగాళ్ళు ఇంగ్లీషులో "మచాన్" అని వ్రాసుకున్నదీ ఇటువంటిదే. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ తన అడవికథలలో నల్లమలనూ, గుంటూరునుంచి నంద్యాల పోయే రైలుదారిలోని దిగువమెట్టనూ ప్రస్తావించాడు. ఆ దిగువమెట్ట గిద్దలూరు దగ్గరనే ఉన్నది. ఆయన చెట్టుమీదికి ఎక్కించుకొనే మచాన్ కాళ్ళు లేని మంచం వంటిది. కర్రచట్రానికి పట్టెలు అల్లినది. దానిమీద దగ్గకుండా, కాలు జాపకుండా రాత్రంతా కూర్చొనేవాడు. అక్కడ దూరం కొద్ది గజాలే. అయినా అంత అవస్థ ఎందుకంటే, దానికి కారణం లెక్కలో ఉన్నది.

తుపాకి మీద గురిచూచే గుర్తులు రెండు ఉంటవి, ఒకటి ముందు, ఒకటి వెనుక. వాటిమధ్య ఎడం 60 సెంటీమీటర్లు అనుకోండి. ముందు గుర్తు ఒక్క మిల్లీమీటరు ప్రక్కకు ఒరిగితే, 60 మీటర్ల దూరంలో తూటా 10 సెంటీమీటర్లు తప్పుతుంది. 300 మీటర్ల దూరంలో అరమీటరు. ఒక మిల్లీమీటరంటే ఎంత? ఎంతో కాదు. అరమీటరంటే గుండెకూ కాలికీ మధ్య దూరం.

గుండెకు తగిలితే జంతువు త్వరగానే చనిపోతుంది. గాలిలోకి పోతే బ్రతికిపోతుంది. కాలికో దవడకో తగిలితే? వేటగాడికి అది "తప్పిన గురి". ఇంటికి పోయి భోంచేస్తాడు. జంతువు కుంటుకుంటూ పొదల్లోకి పోతుంది. అసలు కథ అక్కడినుంచి నడుస్తుంది.

కుమావూఁ కొండలలో జిమ్ కార్బెట్ 1907లో చంపావత్ ఆడపులిని చంపాడు. అది 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. చచ్చిన తరువాత నోరు తెరచి చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నవి. పైది సగానికి, క్రిందిది ఎముకదాకా. ఎప్పుడో ఎవరో కాల్చిన తుపాకిదెబ్బ అది. కోరలు పోయి మామూలు వేట చేసుకోలేక అది మనుషులమీద పడిందని కార్బెట్ వ్రాశాడు. పులి నరభక్షి కావటానికి చాలా సందర్భాలలో గాయాలే కారణమని కూడా అన్నాడు. ఆ మొదటి తుపాకి కాల్చినవాడి పేరు ఎవరికీ తెలియదు. ఆనాడు వాడు నిలబడి కాల్చాడో, పరుగెత్తి ఆయాసంతో కాల్చాడో, చీకట్లో కాల్చాడో. వాడి చేయి వణికిన ఆ క్షణానికి 436 ఇళ్ళు ఖర్చు వ్రాసుకున్నవి.

గురి తప్పకపోయినా గండమే అని మన పురాణాలు చెబుతున్నవి. దశరథుడిది తిరుగులేని గురి. శబ్దాన్ని బట్టి కొట్టగల విద్య. సరయూ తీరాన చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగు అనుకున్నాడు. బాణం తగలవలసిన చోటే తగిలింది, తగిలింది మునికుమారుడికి. పాండురాజు లేళ్ళ జంటను కొడితే ఒకటి ముని అయింది. ఇద్దరికీ చేయి కుదిరింది, కన్ను కుదరలేదు. ఎదుట ఉన్నదేమిటో స్పష్టంగా కనిపించిందాకా ఆగటం కూడా కుదురులో భాగమే.

ఇప్పుడీ వేటలు లేవు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. నాగార్జునసాగర్, శ్రీశైలం అడవులు 1978లో అభయారణ్యమై, 1983లో ప్రాజెక్టు టైగరు క్రిందికి వచ్చినవి. ఆ స్థానాలు మాత్రం మిగిలినవి, ఆటస్థలంలో. 2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో కంచుపతకం తెచ్చాడు. ఆ పోటీ ఏ ఊతమూ లేకుండా నిలబడి ఆడేది. నడిమి గుర్తు వెడల్పు అర మిల్లీమీటరు! అంటే పెన్సిలుతో పెట్టిన చుక్క.

మా పిల్లల సంగతి అంత దూరం పోదు. 25 మీటర్లు, పడుకొని కాల్చటం. నేర్పే సుబేదారుగారిది ఉత్తరాది. ఆయన హిందీలో చెప్పినది నేను తెలుగులో అందిస్తుంటాను. పోయిన ఏడు ఒక మిరపరైతు కూతురు, బి.ఎ. రెండవ ఏడు పిల్ల, నాలుగు తూటాలు కాల్చింది. నాలుగూ అణాబిళ్ళంత చోటులో పడ్డవి. అయిదవదానికి చాలాసేపు పట్టింది. ప్రక్కవాళ్ళందరూ ముగించి ఎదురుచూస్తున్నారు. ఆ పిల్ల మీటమీదనుంచి వేలు తీసి, చెయ్యి పైకెత్తింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"కుదరలేదు సార్," అన్నది.

ఆయాసం ఎక్కువై గుర్తు ఊగుతున్నదట. సుబేదారుగారు ఏమన్నదని అడిగారు. చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆయన తక్కిన పిల్లలందరినీ పిలిచి, కాల్చని ఆ తూటాను అరచేతిలో పెట్టి చూపించి, ఈరోజు నేర్చుకోవలసిన పాఠం ఇదేనన్నారు.

ఇంతకూ యీ వారం యిదంతా ఎందుకు ఎత్తుకున్నానంటే, వేటకన్న ఘోరమైనది ఒకటి మన చేలల్లో నడుస్తున్నది. అడవిపందులు. నల్లమల అంచున ఉన్న పల్లెల్లోనే కాదు, దూరపు మెట్టపొలాల్లోకి కూడా వస్తున్నవి. ఒక మంద ఒక్క రాత్రి దిగితే మొక్కజొన్న చేను పడుకుంటుంది, వేరుశనగ చాలు దున్నినట్లు లేచిపోతుంది. అప్పుచేసి పండించినవాడి కడుపుమంట నాకు అర్థమవుతుంది. కాని ఆ మంటలో కొందరు చేస్తున్న పని ఏమిటంటే, మోటారు కరెంటునుంచి ఉత్త తీగ లాగి, మోకాలెత్తున చేనుచుట్టూ కట్టటం.

తీగకు కన్ను లేదు. దశరథుడు చప్పుడైనా విన్నాడు; తీగ అదీ వినదు. వచ్చింది పందా, ఆవుదూడా, తెల్లవారుజామున నీళ్ళు కట్టటానికి బయలుదేరిన ప్రక్కపొలం రైతా, దానికి అన్నీ ఒకటే. తాను కట్టిన తీగకు తానే బలి అయినవాళ్ళూ ఉన్నారు. పత్రికలలో అటువంటి వార్తలు మూలగా, నాలుగు పంక్తుల్లో వస్తుంటవి. అది చట్టరీత్యా నేరమన్న సంగతి అలా ఉంచండి. కాల్చేవాడికి ఆగటానికి ఒక క్షణం ఉంటుంది. ఊపిరి వదలి, చూచి, కుదరలేదని వేలు తీసివేయవచ్చు. తీగ కట్టి ఇంటికి పోయి పడుకున్నవాడికి ఆ క్షణం లేదు. వేలు తియ్యని తుపాకిని రాత్రంతా ఊరిమీదికి గురిపెట్టి నిద్రపోతున్నాడన్నమాట.

మరి రైతు ఏం చేయాలి? చేసేవాళ్ళు చేస్తున్నారు. చేనుచుట్టూ పాతచీరలు కడుతున్నారు. మనిషి ఉన్నాడేమోనని పంది జంకుతుంది. వేరుశనగ చుట్టూ ముళ్ళకుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగు వరుసలు వేస్తున్నారు. స్తోమత ఉన్నవాళ్ళు సౌరశక్తి కంచె పెట్టుకుంటున్నారు. అది ఝల్లుమనిపిస్తుందిగాని, సరిగా అమర్చితే ప్రాణం తీయదు. నలుగురు రైతులు కలిసి వంతులవారీగా మంచె ఎక్కి, టార్చిలైటు వేసి, డబ్బా మోగిస్తున్న ఊళ్ళూ ఉన్నవి. ఏదీ పూర్తిగా పనిచేయదు, నిజమే. పంది తెలివైనది, నాలుగు రోజుల్లో చీర సంగతి కనిపెడుతుంది. అప్పుడు మరొకటి మార్చాలి. విసుగే. కాని ఆ విసుగులో ఎవరి ప్రాణమూ పోదు.

మన తెలుగువాళ్ళకు "కుదరదు" అనటం బాగా అలవాటు. అర్జీ పెట్టుకున్నవాడితో గుమాస్తా అంటాడు, చీర అడిగిన పెళ్ళాంతో మొగుడు అంటాడు, సెలవు అడిగిన పిల్లవాడితో నేనూ అంటాను. అనవలసిన చోట మాత్రం నోరు రాదు. మీ ఊళ్ళో, మీ బంధువులలో, ఎవరైనా చేనికి కరెంటుతీగ కడుతున్నారని తెలిస్తే, ఆ రాత్రి చీకటి పడకముందే పోయి ఆ మాట అనండి. పెద్దవాళ్ళయితే "కుదరదు బాబాయ్" అనండి, చిన్నవాళ్ళయితే "కుదరదురా అబ్బాయ్" అనండి. వినకపోతే కరెంటువారికి చెప్పండి. నాలుగు రోజులు మీతో మాట్లాడడు. అంతేగదా!